చెల్లి రాసిన పాల లెక్క

మా చెల్లి 2015 ఆగస్టులో చనిపోయింది. అప్పటికి పెళ్లయి రెండున్నరేళ్లు. అత్తగారింట్లో ఆత్మహత్య చేసుకుంది. సెషన్స్ కోర్టు తీర్పు 2019 నవంబరులో వచ్చింది. దాని మీద మేం వేసిన అప్పీలు 2025 నవంబరులో తేలింది. ఈలోగా నాన్న కూడా పోయాడు. పేర్లు, ఊళ్లు రాయను. జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తాను. ఇలాంటి కష్టం వచ్చిన ఇంట్లో మొదటి నెలలో జరిగే పొరపాట్లు ఏళ్ల తర్వాత పైకోర్టులో ఒక్కొక్కటీ బయటికి వస్తాయి. మాకు అలాగే వచ్చాయి.

మాది పల్నాడు. నాన్న మూడెకరాల్లో మిర్చి, పత్తి వేసేవాడు. నేను ఎరువుల కొట్టులో లెక్కలు రాస్తాను. చెల్లి పెళ్లికి ఆరు లక్షల కట్నం, పన్నెండు సవర్ల బంగారం ఇచ్చాం. ఇంకో ఎకరం పసుపు కుంకుమ కింద చెల్లి పేరునే రిజిస్టర్ చేయించాడు నాన్న. గొడవంతా ఆ ఎకరం దగ్గరే మొదలైంది. దాన్ని తన పేరుకు మార్చితే అమ్మి వ్యాపారం పెట్టుకుంటానని అల్లుడు పట్టుబట్టాడు. చెల్లి ససేమిరా అంది. రెండుసార్లు పుట్టింటికి వచ్చేసింది. రెండుసార్లూ పెద్దమనుషుల్లో పెట్టి, సర్దిచెప్పి, మేమే దిగబెట్టి వచ్చాం. ‘నాలుగు రోజులు ఓర్చుకో అమ్మా, అదే సర్దుకుంటుంది’ అన్నాడు నాన్న. నేనూ అదే అన్నాను. పోలీస్ స్టేషన్ గడప తొక్కితే కాపురం పోతుందని భయం. ఇప్పుడైతే మహిళల సహాయ నంబరు 181కి ఫోన్ చేయొచ్చు, కష్టంలో ఉన్న ఆడవాళ్లకు సాయం చేసే సఖి సెంటర్‌కి వెళ్లొచ్చు. దయచేసి ఆడపిల్లను తిరిగి పంపించే ముందు ఆ ఫోన్ చేయండి.

చెల్లి చనిపోయిన రాత్రి పోలీస్ స్టేషన్‌లో నాన్న ఒక్కటే మాట అన్నాడు: ‘అల్లుడు, అత్త వేధించబట్టే నా కూతురు చచ్చిపోయింది.’ రైటర్ అదే రాసుకున్నాడు. ఎకరం సంగతి లేదు. పెద్దమనుషుల పంచాయితీలు లేవు. అల్లుడికి నేను పంపిన డబ్బు లేదు. తెల్లారి మార్చురీ దగ్గర తహసీల్దారు వచ్చి శవ పంచనామా చేశారు. పెళ్లయిన ఏడేళ్ల లోపు కాబట్టి తహసీల్దారే రావాలట. అక్కడా నాన్న మాట్లాడే స్థితిలో లేడు. వారం తర్వాత పోలీసులు మళ్లీ వాంగ్మూలం తీసుకున్నప్పుడు కూడా తేదీలు, మొత్తాలు వరసగా చెప్పాలన్న ఆలోచనే మాకు రాలేదు. వాళ్లు రాసింది చదివి వినిపించమని అడగాలని కూడా తెలీదు.

ఇంకో పెద్ద తప్పు చేశాం. బంధువుల్లో ఒకాయన ‘అందరి పేర్లూ పెట్టండి, అప్పుడే దారికొస్తారు’ అన్నాడు. ఆడపడుచు పేరు కూడా రాయించాం. ఆమె పెళ్లయి విశాఖలో ఉంటుంది. పండక్కి తప్ప ఆ ఇంటికి వచ్చిన మనిషి కాదు. దీని గురించి మళ్లీ చెబుతాను.

చార్జిషీటు అప్పటి భారత శిక్షాస్మృతి (ఐపీసీ) 304బి, 306, 498ఎ సెక్షన్ల కింద పడింది. 304బి అంటే వరకట్న చావు, కనీసం ఏడేళ్లు, గరిష్ఠం యావజ్జీవం. 306 అంటే ఆత్మహత్యకు పురికొల్పడం, పదేళ్ల వరకు. 498ఎ అంటే భర్త, అత్తింటివాళ్ల క్రూరత్వం, మూడేళ్ల వరకు. 2024 జూలై 1 తర్వాత జరిగినవాటికి భారతీయ న్యాయ సంహితలో ఇవే 80, 108, 85 సెక్షన్లయ్యాయి. మాది పాత కేసు కాబట్టి పాత నంబర్లే నడిచాయి.

నాన్న సాక్ష్యం చెప్పిన రోజు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. నాన్న తెలుగులో చెబుతుంటే జడ్జిగారు ఇంగ్లీషులో డిక్టేట్ చేస్తున్నారు. అవతలి లాయరు లేచాడు. ‘ఎకరం మార్చమన్నారని మీరు పోలీసులకు చెప్పలేదు కదా?’ ‘చెప్పానయ్యా.’ ‘మీ వాంగ్మూలంలో లేదు. పెద్దమనుషుల్లో పెట్టామని చెప్పలేదు కదా?’ ‘చెప్పే ఉంటాను.’ ‘అదీ లేదు.’ ఇలా తొమ్మిదిసార్లు. తొమ్మిదీ ఒమిషన్లుగా, అంటే పోలీసులకు చెప్పకుండా వదిలేసిన మాటలుగా, రికార్డులోకి వెళ్లాయి. బయటికొచ్చాక నాన్న బల్ల మీద కూలబడి ‘నేను అబద్ధం చెప్పినట్టే అయిపోయింది గదరా’ అన్నాడు. పంచాయితీ చేసిన ఇద్దరు పెద్దమనుషులూ మాకేం తెలీదని కోర్టులో మాట మార్చి హోస్టైల్ అయ్యారు.

బాధితులు తమ సొంత లాయరును పెట్టుకుని ప్రాసిక్యూషన్‌కు సాయం చేయించుకోవచ్చని, వాదనలు రాతపూర్వకంగా ఇవ్వొచ్చని మాకు తీర్పయ్యాక తెలిసింది. ముందే తెలిసుంటే కేసు వేరేలా నడిచేదని నా నమ్మకం.

తీర్పులో భర్తకు 498ఎ కింద రెండేళ్లు. 304బి, 306 కొట్టేశారు. అత్తను, ఆడపడుచును అన్నిట్లోనూ వదిలేశారు. భర్త పైకోర్టుకు అప్పీలు వేసుకుని, శిక్ష నిలుపుదల తెచ్చుకుని ఇంటికి వెళ్లిపోయాడు. ప్రభుత్వం తరఫున అప్పీలు వేయమని మేం అర్జీ పెట్టాం. జవాబు రాలేదు. అప్పుడు ఒక లాయరుగారు చెప్పారు, ప్రభుత్వం కోసం చూడక్కర్లేదని. క్రిమినల్ కేసులు ఎలా నడవాలో చెప్పే సీఆర్‌పీసీ చట్టం 372 సెక్షన్‌కు 2008లో చేసిన సవరణతో బాధితులకే అప్పీలు హక్కు వచ్చింది. నిందితుణ్ణి వదిలేసినా, చిన్న నేరంతో సరిపెట్టినా, పరిహారం తక్కువిచ్చినా వేయొచ్చు. ముందుగా కోర్టు అనుమతి కూడా అక్కర్లేదని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. 2020 మొదట్లో నాన్న పేరుతో నేలపాడులోని హైకోర్టులో వేశాం.

అప్పీలంటే మళ్లీ సాక్షుల్ని పిలుస్తారని, ఈసారి నాన్న అన్నీ వివరంగా చెప్పుకోవచ్చని మేం అనుకున్నాం. అదేం ఉండదు. కింది కోర్టులో ఎక్కిన కాగితాలే పైకోర్టు చదువుతుంది. ఎక్కనిది లేనట్టే. పైగా ఒకసారి నిర్దోషి అన్నాక ఆ మనిషికి బలం రెట్టింపవుతుంది. సాక్ష్యాన్ని రెండు రకాలుగా చూడటానికి వీలుంటే, కింది కోర్టు చూసిన తీరే నిలబడుతుంది. లాయరుగారు ఇది చెప్పిన రోజు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

కరోనాతో ఏడాది పైగా అలాగే పోయింది. 2021 మే నెలలో, రెండో వేవ్‌లో నాన్న పోయాడు. నాన్న స్థానంలో నన్ను చేర్చమని పిటిషన్ వేశాం. అవతలివాళ్లు అడ్డం తిరిగారు. పిల్లల్లేని హిందూ స్త్రీకి చట్టప్రకారం మొదటి వారసుడు భర్తే, తండ్రే వారసుడు కానప్పుడు అన్న ఎలా అవుతాడని వాదన. అంటే చెల్లి చావుకు న్యాయం అడగాల్సింది ముద్దాయే అన్నమాట! మా లాయరుగారు వరకట్న నిషేధ చట్టం 6వ సెక్షన్ చూపించారు. పెళ్లయిన ఏడేళ్లలోపు భార్య అసహజంగా చనిపోతే, పిల్లలు లేకపోతే, ఆమెకిచ్చిన కట్నం తల్లిదండ్రులకే తిరిగి చేరాలి. చట్టమే అలా చూస్తున్నప్పుడు కన్నవాళ్లు బాధితులు కాకుండా ఎలా పోతారన్నారు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు, అప్పీలు వేసిన బాధితుడు చనిపోతే వారసులు కొనసాగించుకోవచ్చని తీర్పు చెప్పడంతో ఆ తకరారు ముగిసింది. ఆ మధ్యకాలంలో ఫీజుకు డబ్బుల్లేక అమ్మ పేరుతో న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టాం. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. 15100కి ఫోన్ చేస్తే ఎలా వెళ్లాలో చెబుతారు.

ఇక పాల లెక్క. చెల్లి సామాన్లలో ఒక చిన్న గీతల పుస్తకం వచ్చింది. ఏప్రిల్ నుంచి రోజువారీ పాల లెక్క: తేదీ, పక్కన అర లీటరో లీటరో, పొయ్యని రోజు సున్నా. మధ్యమధ్యలో చెల్లి రెండు మూడు మాటలు రాసుకునేది. బిడ్డ చేతిరాత అని అమ్మ దాన్ని పెట్టెలో పసుపు గుడ్డలో చుట్టి దాచుకుంది. పోలీసులకు ఇచ్చేసరికి 40 రోజులైంది. అందుకే సెషన్స్ కోర్టు దాన్ని నమ్మలేదు, తర్వాత తయారుచేసి ఉండొచ్చంది. నా పాస్‌బుక్ కూడా ఎగ్జిబిట్‌గా పడింది గానీ, బావమరిది బావకు ఇచ్చిన చేబదులు అయ్యుండొచ్చని పక్కన పెట్టింది.

హైకోర్టు కోసం టైపు చేయించిన కాగితాలు నాకు ఒక సెట్టు ఇచ్చారు. కొట్టు మూసాక రోజూ ఒక గంట చదివేవాణ్ణి. లెక్కలు రాసేవాడికి తేదీలు సరిచూసుకునే అలవాటు ఉంటుంది. పాస్‌బుక్ కాపీలో 2015 జూలై 16న చెల్లి భర్త అకౌంటుకు నేను వేసిన 2,00,000 ఉంది. ఇరవై పేజీల అవతల పాల పుస్తకం. జూలై 17 దగ్గర ఇలా ఉంది: ‘అర లీటరు. అన్నయ్య రెండు పంపాడు. చాలదంట. ఎకరమే కావాలంట.’

రెండు అంటే రెండు లక్షలు. పంపిన మర్నాడే రాసింది. ఆ తర్వాత 23 రోజులే బతికింది. ఇన్నేళ్లలో ఈ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లే లేరు. నేనూ చూడలేదు. కాగితాల మీద తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వెళ్లి లాయరుగారికి చూపించాను. ఆయన ఇంకోటి పట్టుకున్నారు. అమ్మ కోర్టులో ఆ చేతిరాత నా కూతురిదేనని చెప్పినప్పుడు, కాదని అవతలి లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. చనిపోయినవాళ్లు తమ చావుకు దారితీసిన పరిస్థితుల గురించి ముందు రాసుకున్నది, చెప్పింది సాక్ష్యమవుతుందని 1939లోనే, బ్రిటిష్ కాలంలో అన్నిటికన్నా పై కోర్టయిన ప్రీవీ కౌన్సిల్ పాకాల నారాయణస్వామి కేసులో చెప్పింది. పిఠాపురం మనిషి హత్య కేసది, మన నేల నుంచి వెళ్లిందే. పంచనామాలో వివరాలు లేనంత మాత్రాన సాక్ష్యం అబద్ధమైపోదని 1975లో ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన ఇంకో కేసులో సుప్రీంకోర్టు అంది. ఆ వాక్యం విన్నప్పుడు నాన్న బతికుంటే బాగుండేదనిపించింది.

వాదనలు రెండు రోజులు నడిచాయి. ఆడపడుచు వంతు వచ్చినప్పుడు బెంచి మా లాయరుగారిని అడిగింది: ఈమె ఏ రోజున, ఏమన్నది, ఎవరు విన్నారు? ఆయన దగ్గర జవాబు లేదు. ఉండదు కూడా. తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది, కుటుంబంలో అందరినీ గంపగుత్తగా ఇరికించొద్దని. ఆమె చంటిపిల్లను చంకనేసుకుని విశాఖ నుంచి వాయిదాలకు వచ్చేది. కోర్టు వరండాలో ఆ పిల్లకు పాలసీసా పట్టడం నేను చూశాను. ఆమెకు మేం చేసింది అన్యాయం. అంతేకాదు, ఆమె పేరు పెట్టడం వల్ల మేం చెప్పిన నిజాలు కూడా పలచబడ్డాయి.

తీర్పులో ఆడపడుచు విడుదల ఖాయం చేశారు. అత్త మీద వేధింపు జరిగి ఉండొచ్చు గానీ రుజువు చాలదన్నారు. 304బి కూడా నిలబడలేదు. ఎకరం అప్పటికే చెల్లికిచ్చిన ఆస్తి, దాన్ని తన పేరుకు మార్చమనడం కొత్తగా కట్నం అడగడం కిందికి రాదన్నారు. అచ్చం ఇలాంటి ఆంధ్ర కేసులోనే, పసుపు కుంకుమ భూమి కోసం భార్యను వేధిస్తే ఆమె పెళ్లయిన ఏడాదిన్నరలోపే చనిపోయిన కేసులో, 2002 అక్టోబరులో సుప్రీంకోర్టు వరకట్న చావు కాదంటూనే భర్తకు 306 కింద ఐదేళ్లు వేసింది. ఆ దారిలోనే మా కేసులోనూ భర్తను 306 కింద దోషి అన్నారు. పాల పుస్తకం మూడున్నర నెలల రోజువారీ లెక్క, ఒక మాట కోసం ఎవరూ అంత లెక్క కల్పించరని, పాస్‌బుక్ దాన్ని బలపరుస్తోందని తీర్పులో రాశారు. ఏడేళ్లలోపు ఆత్మహత్య, క్రూరత్వం రెండూ రుజువైతే పురికొల్పినట్టు కోర్టు భావించవచ్చనే సాక్ష్య చట్టం 113ఎ సెక్షన్ ఇక్కడ పనికొచ్చింది.

శిక్ష ఎంతో చెప్పేముందు అతన్ని పిలిపించారు. పెళ్లిలో నేను కాళ్లు కడిగిన మనిషి, జుట్టు సగం నెరిసిపోయింది. ముసలి తల్లి ఉందని, దయ చూపమని అన్నాడు. ఐదేళ్లు వేశారు. నాకు సంతోషం రాలేదు. గుండెల మీద రాయి మాత్రం కొంచెం జరిగింది. అతను సుప్రీంకోర్టుకు వెళ్లాడు, అది ఇంకా తేలలేదు.

ఇంటికొచ్చి అమ్మకు తీర్పు వినిపించాను. పాల పుస్తకం గురించి రాసిన పేజీ మళ్లీ మళ్లీ చదివించుకుంది. తర్వాత ‘పుస్తకం ఇచ్చేస్తారా?’ అని అడిగింది. కేసు పూర్తిగా ముగిసేదాకా రికార్డులోనే ఉండాలని, అప్పుడు పిటిషన్ పెట్టుకోవాలని చెప్పాను. ఆగస్టు మొదటి వారం పాలడబ్బులు ఆ పాలావిడకు అప్పుడే ఇచ్చేశానని చెప్పింది అమ్మ. ఆ సంగతి నాకు ఇన్నాళ్లూ తెలీదు.