ఆషాఢంలో రెరా పేజీల ముందు

ఆషాఢం కదా, షెడ్డులో చప్పుడు తగ్గింది. ఈ నెలలో ఎవరూ గృహప్రవేశం పెట్టుకోరు కాబట్టి "ఎల్లుండికల్లా కిటికీలు బిగించాలి" అంటూ పీకల మీద కూర్చునేవాళ్లు లేరు. కటింగ్ మిషన్ మీద ఉండే కుర్రాడు బోనాలకి సెలవడిగితే తమ్ముడు మారు మాట్లాడకుండా సరేనన్నాడు. ఇంకో నెలలో అయితే ఆ కుర్రాడు అడగడానికే జంకేవాడు.

మాది యూపీవీసీ, అంటే గట్టి ప్లాస్టిక్ ఫ్రేముల కిటికీలు చేసే చిన్న యూనిట్. షెడ్డు, బిగింపు తమ్ముడివి. కొటేషన్లు, వసూళ్లు, కొత్త పని వెతకడం నావి. వెతకడమంటే ఒకప్పుడు బండేసుకుని హైదరాబాద్ శివార్లలోని బాచుపల్లి, మల్లంపేట, బౌరంపేట వీధులన్నీ తిరగడమే. ఇసుక కుప్ప కనబడితే ఆగడం, కార్డు ఇవ్వడం, మళ్లీ బయల్దేరడం. ఇప్పుడూ తిరుగుతాం, కాకపోతే పొద్దున్నే తెలంగాణ రెరా, అంటే రియల్ ఎస్టేట్ ప్రాజెక్టుల్ని నియంత్రించే సంస్థ వెబ్‌సైటు చూసుకుని బయల్దేరతాం.

500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు దాటిన స్థలంలో గానీ, ఎనిమిదికి మించి గానీ ఫ్లాట్లు కట్టి అమ్మాలంటే 2016 నాటి చట్టం ప్రకారం రెరాలో రిజిస్టర్ చేసుకోవాలి. అది లేకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదు. రిజిస్టరైన ప్రాజెక్టు పేజీ ఎవరైనా తెరిచి చూడొచ్చు. ఫ్లాట్ కొనేవాళ్లు మోసపోకూడదని పెట్టిన పేజీ అది. వాళ్లు పూర్తయ్యే తేదీ, కార్పెట్ ఏరియా చూస్తారు. నేను తిన్నగా కిందికి పోయి పనుల పట్టిక చూస్తాను. తవ్వకం, బేస్‌మెంట్, స్టిల్ట్, స్లాబులు, ఒక్కోదాని ఎదురుగా ఎంత శాతం అయిందో ఉంటుంది. వాటి తర్వాత లోపలి గోడలు, ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్, తలుపులు, కిటికీలు అన్నీ కలిపి ఒకే వరుస. అది నా వరుస. స్లాబులు సగం దాటి, ఇక్కడ ఇంకా సున్నా ఉందంటే కిటికీల సంగతి చాలావరకు తేలలేదనే లెక్క.

మా తమ్ముడికి ఇంత ఓపిక లేదు. "కొత్తగా రిజిస్టరైనవన్నీ లిస్టు తీసి వరసగా ఫోన్లు కొట్టొచ్చు కదక్కా" అంటాడు. అందరూ చేసేది అదే. మొన్న ఒక ఆఫీసుకి ఫోన్ చేస్తే, నేను పేరు చెప్పకముందే "రెరాలో చూశారా అండీ?" అంది అక్కడి అమ్మాయి, విసుగు దాచుకోకుండా. పాపం ఆ అమ్మాయిని ఏమనగలం! లిఫ్టులవాళ్లు, టైల్స్ వాళ్లు, సీసీ కెమెరాలవాళ్లు, పెయింట్లవాళ్లు, అందరం అదే పేజీలో అదే నంబరు చూసి అదే వారం ఫోన్ చేస్తాం. తవ్వకమే మొదలుకాని చోట కిటికీల రేటు చెబితే ఎవరికి గుర్తుంటుంది? అలాగని మరీ ఆగితే గ్రానైట్ ఫ్రేములు బిగించేస్తారు. మేం చివరి కొలతలు తీసుకునేది అప్పుడే గానీ, ఆర్డరు అంతకు చాలా ముందే ఎవరి చేతికో వెళ్లిపోయి ఉంటుంది. ఇటుక పని రెండు మూడు అంతస్తులెక్కి, శాంపిల్ ఫ్లాట్ గురించి మాట్లాడుకుంటున్నప్పుడు వెళ్లాలి. ఆ వేళ కనిపెట్టడానికే నాకీ పేజీ.

ఆ పేజీలోనే ఎక్కువమంది పట్టించుకోని ఇంకో భాగం ఉంది. ప్రాజెక్టుకి పనిచేసే ఆర్కిటెక్ట్, ఇంజనీర్, సీఏల పేర్లు. ఇవాళ మధ్యాహ్నం దాకా కూర్చుని మా చుట్టుపక్కల ప్రాజెక్టులన్నీ బిల్డరు పేరుతో కాకుండా ఆర్కిటెక్ట్ పేరుతో ఎక్సెల్‌లో సర్దాను. బిల్డరు ఒక్కో ప్రాజెక్టుకి ఒక్కో కంపెనీ పేరు పెడతాడు, అన్నీ కొత్తవాళ్లవే అనిపిస్తాయి. ఆర్కిటెక్ట్ పేరు మాత్రం మారదు. ఒకే ఆర్కిటెక్ట్ గారు ఈ పక్క మూడు నాలుగు కంపెనీలకి డ్రాయింగులు ఇస్తున్నారని సర్దాక గానీ కనబడలేదు. కిటికీ ఓపెనింగ్ ఎంత, పక్కకి జరిపే స్లైడింగా, తలుపులా తెరుచుకునే కేస్‌మెంటా, తెలుపా చెక్క రంగా, అన్నీ ఆ డ్రాయింగులోనే తేలతాయి. అందరి గేట్లూ తట్టేకంటే ఆయన గేటు తట్టడం మేలు కదా.

తేదీలూ చూస్తాను. పూర్తయ్యే తేదీ పక్కన సవరించిన తేదీ ఉంటే కొటేషన్ ఇస్తాను గానీ అడ్వాన్సు లేకుండా ప్రొఫైల్, అంటే ఫ్రేముకి వాడే యూపీవీసీ బద్ద కొయ్యను. ఆలస్యానికి వంద కారణాలుండొచ్చు. కానీ డబ్బు ఇరుకైనప్పుడు ముందు ఆగేది మాలాంటి చిన్నవాళ్ల బిల్లులే. ఒకాయన దగ్గర మాకింకా పాత రిటెన్షన్ డబ్బు, అంటే పని అయ్యాక కొంతకాలం ఆపి ఉంచే సొమ్ము రావాలి, ఫోన్ చేస్తే "గుళ్లో ఉన్నానమ్మా" అంటారు. రెరా రూలు ప్రకారం బిల్డరు కొనేవాళ్ల దగ్గర తీసుకున్న సొమ్ములో 70 శాతం వేరే ఖాతాలో వెయ్యాలి, పని ఎంత అయిందో ఆర్కిటెక్ట్, ఇంజనీర్, సీఏ సర్టిఫికెట్ ఇస్తేనే అందులోంచి తీయాలి. ఈ రూలు తెలిశాక రన్నింగ్ బిల్లు, అంటే అయినంత పనికి వేసే బిల్లు పంపే రోజు మార్చుకున్నాను. ఆ సర్టిఫికెట్ల పని నడుస్తున్నప్పుడే మా బిల్లు కూడా టేబుల్ మీద ఉండేలా చూసుకుంటాను.

ఈ లెక్కలోకి రానివి సొంత ఇళ్లు, 300, 400 గజాల్లో ఎనిమిది ఫ్లాట్లు దాటకుండా వచ్చే చిన్న అపార్ట్‌మెంట్లు. అవి రెరాలో ఉండవు. 2020లో ఆన్‌లైన్‌లో పర్మిషన్లిచ్చే టీఎస్ బీపాస్ వచ్చాక 75 గజాల లోపు చిన్న ఇంటికి రూపాయి కట్టి నమోదు చేసుకుంటే సరిపోయింది. 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు దాటకుండా కట్టేవాళ్లకి సొంత హామీ మీద అప్పటికప్పుడే పర్మిషన్. 2025లో దాని స్థానంలో బిల్డ్‌నౌ వచ్చింది. పర్మిషన్ ఎంత తొందరగా వచ్చినా మూఢం ఉంటే సొంత ఇంటి శంకుస్థాపన ఆగుతుంది, ఆషాఢమైతే శ్రావణం దాకా ఆగుతుంది. కాబట్టి ఇళ్ల విషయంలో పర్మిషన్ తేదీ చూసి లాభం లేదు, పంచాంగం చూసుకోవాలి. వీటికి మాత్రం తమ్ముడి బండి మీద వీధులు తిరగడమే గతి.

వాన తెరిపిచ్చాక మల్లంపేట వెళ్లాను. పేజీలో ఆ ప్రాజెక్టు స్లాబులు సగం పైన, గోడలు, కిటికీల వరుస సున్నా. అక్కడ చూస్తే మూడో అంతస్తు దాకా ఇటుక పని అయిపోయింది. మూడు నెలలకోసారి ఎక్కించే లెక్క కదా, సైటు ఎప్పుడూ దానికంటే ముందే ఉంటుంది. గేటు దగ్గర శ్రీకాకుళం వాచ్‌మన్, "ఎవులు కావాలమ్మా?" అన్నాడు. కిటికీల పని మీద వచ్చానంటే, "నిన్న ఒకాయన ఒచ్చి ఎల్లాడు, కార్డు ఇచ్చాడు" అని జేబులోంచి తీసి చూపించాడు. మా పోటీదారుడిదే. ఇతనూ పేజీ చూస్తున్నాడన్నమాట.

సూపర్‌వైజర్ చిన్నవాడు, మర్యాదస్తుడు. "కిటికీలు మా చేతిలో లేవు మేడమ్, ఆర్కిటెక్ట్ గారు ఓకే అంటేనే" అన్నాడు. ఆ ఆర్కిటెక్ట్ పొద్దున నా ఎక్సెల్‌లో పదే పదే వచ్చిన ఆయనే! పైకి వెళ్లి చూడొచ్చా అంటే హెల్మెట్ ఇచ్చి పంపాడు. పడమటి వైపు హాల్లో ఆరడుగుల వెడల్పు ఓపెనింగ్, పైన సన్‌షేడ్ లేదు. పొద్దుటి వాన అడుగున ఇటుక మీద ఇంకా తడిగా ఉంది, మచ్చ గదిలోకి రెండడుగుల దాకా పాకింది. ఇక్కడ మామూలు స్లైడింగ్ పెడితే గాలివానకి ట్రాకు నిండుతుంది. నీళ్లు బయటికి పోయే రంధ్రాలకి సిమెంటు అడ్డుపడితే చాలు, నీళ్లన్నీ సోఫా కిందికే. ఫోటో తీసుకున్నాను, టేపు పెట్టి కొలిచాను. నిన్న వచ్చినాయన గేటు దగ్గర కార్డు ఇచ్చి వెళ్లాడు, పైకి ఎక్కలేదు. వాచ్‌మనే చెప్పాడు.

ఆర్కిటెక్ట్ గారి ఆఫీసుకి అక్కణ్నుంచే ఫోన్ చేశాను. రేటు మాట ఎత్తలేదు. పడమటి ఓపెనింగుల్లో నీళ్లు నిలుస్తాయేమో, కొలతలూ ఫోటోలూ ఉన్నాయి, చూపిస్తాను అన్నాను. ఒక నిమిషం ఆగమని లోపల అడిగొచ్చి, శుక్రవారం పదకొండింటికి శాంపిల్ పట్టుకుని రమ్మన్నారు.

ఇంటికొచ్చి తమ్ముడికి చెబితే వాడికి ముందు గుర్తొచ్చింది శాంపిలే. మెష్‌తో ఉన్న రెండున్నర ట్రాకుది పాత శాంపిల్, ఫ్రేము మీద గీతలు పడ్డాయట. కుర్రాడు బోనాలకి వెళ్లేలోపు కొత్తది కోయించాలి. కొటేషన్ మాత్రం రెండు రకాలుగా వేస్తున్నాను: అన్నీ స్లైడింగ్ ఒకటి, పడమటి వైపు మాత్రం కేస్‌మెంట్ ఇంకొకటి. రెండోదానికి ఖర్చు ఎక్కువవుతుంది, బిల్డరు ఒప్పుకోకపోవచ్చు. ఫోటోలు కొటేషన్‌తో పాటే పెడతాను.