ముందు కాగితం మీద, తర్వాతే గూగుల్ ఫారం

మా టెన్త్ బ్యాచ్ ఆత్మీయ సమ్మేళనానికి వివరాలు సేకరించే పని నా మీద పడింది. వాట్సాప్ గ్రూపులో "వచ్చేవాళ్లు పేర్లు పెట్టండి" అంటే ఏమవుతుందో తెలిసిందే. గుడ్ మార్నింగుల మధ్య పేర్లు వెతుక్కోవాలి. జాబితా కాపీ చేసి తన పేరు కలిపేవాడు మరొకడి పేరు ఎగరగొట్టేస్తాడు. అందుకే గూగుల్ ఫారం పెడదామనుకున్నాం. కంప్యూటర్ ముందు కూర్చునే ముందు ఒక తెల్లకాగితం తీసుకున్నాను.

మొదట, జవాబులు ఎవరికి కావాలో రాశాను. వంటవాళ్లకు వెజ్, నాన్‌వెజ్ లెక్క కావాలి. రూములు చూసేవాడికి ముందురోజు రాత్రి ఎంతమంది ఉంటారో తెలియాలి. డబ్బు చూసే అమ్మాయికి ఎవరు కట్టారో తెలియాలి. గ్రూపులో వచ్చిన ప్రశ్నలన్నీ వీటి పక్కన పెట్టి చూస్తే చాలావరకు రాలిపోయాయి. "ఇప్పుడేం ఉద్యోగం?" అన్నది తీసేయాల్సిందేనని పట్టుబట్టాను. దానితో మాకు పనిలేదు. పైగా అది చూసి ఫారం సగంలో వదిలేసేవాళ్లుంటారు, రావడమే మానుకునేవాళ్లూ ఉంటారు.

పేరు దగ్గర చాలాసేపు ఆగాను. పెళ్లయ్యాక అమ్మాయిల ఇంటిపేర్లు మారాయి. శ్రీనివాస్‌లు ఎక్కువ, ఇంటిపేరు లేకపోతే ఏ శ్రీనుగాడో తెలీదు. అందుకని "బడి రిజిస్టరులో ఉన్న పేరు, ఇంటిపేరుతో" అని ఒకటి, "బ్యాడ్జీ మీద రాయాల్సిన పేరు" అని ఇంకొకటి పెట్టాను. మనుషుల సంఖ్య దగ్గర అంకెలు మాత్రమే తీసుకునేలా నియమం పెట్టాలని పక్కనే రాసుకున్నాను. లేదంటే "మేం ముగ్గురం, చిన్నోడు కూడా" అని రాస్తారు. జవాబులన్నీ చేరే గూగుల్ షీట్ దాన్ని కూడలేదు.

అసలు పని బాణాలు గీయడంలో ఉంది. "వస్తున్నారా?" అన్నదానికి మూడు జవాబులు: వస్తున్నాను, రాలేను, ఇంకా తేలలేదు. ఒక్కోదానికి ఒక్కో దారి. రాలేనన్నవాణ్ణి చికెనా పనీరా అని అడగకూడదు కదా. బాణాలు గీస్తుంటే ఒక సంగతి కళ్లకు కట్టింది. గూగుల్ ఫారంలో ఒక విభాగం అయిపోగానే, మనం వేరే చెప్పకపోతే, దాని కిందున్న విభాగంలోకే వెళ్తుంది. అంటే భోజనం వివరాలిచ్చినవాడు నేరుగా "ఎందుకు రాలేకపోతున్నారు?" దగ్గర తేలతాడు! కాగితం మీద ఒక్కో విభాగానికి గీసిన పెట్టె కింద "తర్వాత ఎటు?" అని రాసుకున్నాను. ఇంకో పరిమితి ఏంటంటే, జవాబును బట్టి దారి మార్చడం, ఒకే జవాబు ఎంచుకునే ప్రశ్నల్లోనే కుదురుతుంది, టిక్కులు ఎన్నైనా పెట్టే వాటిలో కుదరదు. కాబట్టి రాత్రి బస సంగతిని విడిగా, అవును, కాదు అనే ప్రశ్నగా మార్చాను.

ఫోన్ నంబరుకు 10 అంకెల నియమం పెట్టమన్నారు. కువైట్‌లో ఉన్నవాళ్ల నంబర్లు 8 అంకెలేనని గుర్తుచేసి, దేశం కోడ్‌తో రాయమంటే చాలన్నాను. డబ్బు కట్టినట్టు స్క్రీన్‌షాట్ అడగాలన్న సలహా కూడా పక్కన పెట్టాను. ఫైలు పంపాలంటే నింపేవాళ్లు గూగుల్ ఖాతాలోకి లాగిన్ అయి ఉండాలి. మావాళ్లలో చాలామందికి పాస్‌వర్డ్ పిల్లలకే తెలుసు. యూపీఐ లావాదేవీకి వచ్చే 12 అంకెల నంబరు రాస్తే సరిపోతుంది.

ఫారం తయారుచేసే ముందు ఒక స్నేహితుడికి ఫోన్ చేసి, కాగితం చూస్తూ ప్రశ్నలు చదివాను. "మా ఆవిడ వస్తుందో లేదో ఇప్పుడే ఎలా చెప్పన్రా?" అన్నాడు. పంపిన జవాబు మార్చుకునే సౌకర్యం ఫారంలో ఉంది కానీ, ఆ లింకు దాచుకునేదెవరు? "మార్పుంటే మళ్లీ నింపండి, ఆఖరిదే లెక్క" అని పైనే రాశాం. ఒకే మనిషి రెండుసార్లు నింపితే షీట్‌లో ఫోన్ నంబరు చివరి 8 అంకెలతో పట్టేయొచ్చు, సమయం చూసి పాతది కొట్టేయొచ్చు. ఫోన్ నంబరు తప్పనిసరి చేసింది అందుకే.

ఇక "తేలలేదు" అన్నవాళ్లకు ఒకే ప్రశ్న మిగిల్చాను: మళ్లీ ఎప్పుడు ఫోన్ చేయమంటారు? ఆ తేదీల జాబితా ఇప్పుడు నా దగ్గరే ఉంది.