పాప బుగ్గలో కొవ్వు గడ్డ: మా అనుభవం

మా పాపకి అప్పుడు రెండున్నరేళ్లు. పళ్లు తోముతుంటే ఎడమ బుగ్గ లోపల మెత్తగా ఏదో నా వేలికి తగిలింది. టార్చి వేసి చూస్తే శనగగింజంత ఉబ్బు, లేత పసుపు రంగులో ఉంది. నొక్కినా ఏడవలేదు, తిండి కూడా మామూలే. అత్తయ్యగారు తేనె రాయమన్నారు.

మొదట చూసిన పళ్ల డాక్టరు ఉమ్మి తిత్తి అయి ఉండొచ్చు, కొన్నాళ్లు చూద్దామన్నారు. పిల్లల్లో ఎక్కువగా కనిపించేది అదే. కాకపోతే అది సాధారణంగా కింది పెదవి లోపల వస్తుంది, నీలంగా ఉంటుంది, పగిలి మళ్లీ ఉబ్బుతుంది. పాపకున్నది ఒక్కసారీ తగ్గలేదు, మెల్లగా పెరిగింది. దాంతో హైదరాబాద్‌లో పిల్లల సర్జన్‌కి చూపించాం.

ఆయన ముందుగా అడిగింది, ఈ మధ్య నోట్లో చెంచానో పెన్సిలో పెట్టుకుని పడిందా అని. చిన్నపిల్లల బుగ్గల్లో సహజంగా ఉండే కొవ్వు అలాంటి దెబ్బకి లోపలికి పొడుచుకొచ్చి గడ్డలా కనిపిస్తుందట. పాప అలా ఏం పడలేదు. అల్ట్రాసౌండ్ అయ్యాక లైపోమాలా, అంటే కొవ్వు గడ్డలా ఉందన్నారు. నోట్లో ఇది ఎక్కువగా నలభై దాటినవాళ్లకి వస్తుంది, పిల్లల్లో అరుదు. ఈ వయసులో లైపోబ్లాస్టోమా అనే ఇంకో రకం కూడా ఉంటుంది. రెండూ క్యాన్సర్ కావు, కానీ రెండోది పూర్తిగా తీయకపోతే మళ్లీ రావచ్చు. ఏదన్నది గడ్డని తీసి ల్యాబ్‌లో పరీక్షిస్తేనే (బయాప్సీ) తేలుతుంది.

‘క్యాన్సర్ కాదంటున్నారుగా, పసిదానికి మత్తెందుకు?’ అని మావయ్యగారు పట్టుబట్టారు. పెరిగితే పళ్ల మధ్య నలిగి పుండవుతుంది, చిన్నగా ఉన్నప్పుడే తీయడం తేలిక అన్న డాక్టరు మాట చెప్పి ఒప్పించేసరికి మా తల ప్రాణం తోకకొచ్చింది.

నిజం చెప్పాలంటే ఆపరేషన్ కంటే ఆ ఉదయం ఆకలే కష్టమైంది. అన్నం, టిఫిన్ 6 గంటల ముందే ఆపాలి, నీళ్లు మాత్రం 2 గంటల ముందు వరకు ఇవ్వొచ్చు. మధ్యలో ఎమర్జెన్సీ కేసు వచ్చి మా వంతు వెనక్కి పోయింది. ఊరుకోకుండా మత్తు డాక్టర్ని అడిగితే కొంచెం గ్లూకోజ్ నీళ్లు పట్టమన్నారు. మీరూ మొహమాటపడకుండా అడగండి.

పై దవడ పళ్లకి ఎదురుగా బుగ్గలో లాలాజలం వచ్చే నాళం తెరుచుకుంటుంది. దానికి తగలకుండా గడ్డని పొరతో సహా తీశారు. తర్వాత సీసా చూపించారు. ఫార్మలిన్‌లో (తీసిన గడ్డ పాడవకుండా ఉంచే ద్రవం) అది పైకి తేలుతోంది. కొవ్వు కాబట్టి తేలుతుందని చెబుతూనే, రిపోర్టు రానివ్వండి అన్నారు. ఆ రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఒకటే టెన్షన్. చివరికి లైపోమా అనే తేలింది.

కుట్లు వాటంతటవే కరిగాయి. కొన్నాళ్లు చల్లటి పెరుగన్నం మెత్తగా కలిపి పెట్టాం, కారం దగ్గరికి రానివ్వలేదు. ఇప్పటికీ పళ్లు తోమేటప్పుడు ఆ బుగ్గ తడిమి చూస్తాను. పాపకి విసుగు, వేలు కొరికేస్తుంది.