గోపాల్‌పూర్ దిగువన ఇసుక తిన్నెల్లో ఐదు బండ్లు: ఈ విడత నోట్సు

ఇసుకలో బండి కదలడానికి ఇంజిను బలం కన్నా టైర్లలో గాలి ముఖ్యం. ఈ మాట సరదాకు బండ్లతో ఇసుకలో తిరిగే మా బరంపురం బృందంలో అందరికీ కంఠతా వచ్చు. గేజి చేత పట్టుకుని, ఒకే వాలు మీదికి ఒకే బండిని రకరకాల ఒత్తిడులతో ఎక్కించి చూడటం మాత్రం ఈసారే కుదిరింది. అందుకే ఈ నోట్సు కాస్త పొడవు.

వెళ్లింది దసరాకు ముందు ఆదివారం. ఐదూ నాలుగు చక్రాలకూ బలం అందే జీపు తరహా బండ్లే: రెండు థార్‌లు, ఒక గూర్ఖా, ఒక జిమ్నీ, మా బావ పాత జిప్సీ. ఆ సమయమే ఎందుకంటే, మన గంజాం తీరం ఆలివ్ రిడ్లే తాబేళ్లది. రుషికుల్య మొగ దగ్గర అవి లక్షల్లో వచ్చి గుడ్లు పెడతాయి. వాటి కోసం నవంబరు 1 నుంచి మే 31 వరకు ఆ మొగ ఎదుట సముద్రంలో చేపల వేటకే నిషేధం ఉంటుంది. వేటే బతుకైనవాళ్లు ఏడు నెలలు వలలు పక్కన పెడుతుంటే, సరదాకు తిరిగేవాళ్లం అదే నెలల్లో తీరపు ఇసుకలోకి బండ్లు దింపడం అన్యాయం. పిల్ల తాబేలు చక్రాల గాడిలో పడితే పైకి ఎక్కలేదు, సముద్రం చేరలేదు. ఆ నెలలు పోగా వానాకాలమూ దాని తోకా మిగులుతాయి. అక్టోబరును నమ్మలేం: 2013లో ఫైలిన్ తుపాను అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస దగ్గర దాటింది. కాబట్టి సెప్టెంబరు చివర, ఒకటి రెండు వానలు పడి ఇసుక లోపల తడి నిలిచి ఉన్నప్పుడు వెళ్లడం అన్నిటికన్నా మేలు. తడి ఇసుక బండి బరువును మోస్తుంది.

చోటు గురించి కూడా చెప్పాలి. ఇసుక తిన్నెలు, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు తీర నియంత్రణ నిబంధనల్లో అన్నిటికన్నా కట్టుదిట్టమైన సీఆర్‌జెడ్ 1ఏ కిందికి వస్తాయి. సముద్రానికి ఎదురుగా ఉండే ఆ తిన్నెల జోలికి మేము వెళ్లం. ఈసారి దొరికింది గోపాల్‌పూర్‌కు దక్షిణాన, తీరానికి బాగా లోపలగా, ఒక రైతు సరుగుడు తోట. చెట్లు కొట్టించేశారు, కొత్త మొక్కలు ఇంకా నాటలేదు. ఎగుడుదిగుడు ఇసుక నేల, నడుమ ట్రాక్టరు బాట. ముందురోజు వెళ్లి ఆయన్ని అడిగాం. మాది తెలుగని తెలిసి ఆయనా తెలుగులోనే మాట్లాడారు. ఒక్క షరతు పెట్టారు: "బాబూ, ఆ తూర్పు గట్టు మాత్రం ఎక్కకండి. దాని మీద తీగ ఉంది. తీగ పోయిందంటే ఇసుక లేచి నా తోటలోకి వచ్చేస్తుంది." ఊదారంగు పూల తీగ, దాని పక్కనే రావణాసురుని మీసాలనే గడ్డి, ఆ వెనక మొగలి పొదలు. గాలికి లేచే ఇసుకను అక్కడ ఆపుతున్నవి అవే. గట్టుకు ఇవతల ఇరవై అడుగుల దూరంలో వెదురు కర్రలు పాతి తాడు కట్టాం. రోజంతా ఒక్క బండి కూడా దాన్ని దాటలేదు.

కొట్టేసిన సరుగుడు తోటలో పెద్ద గండం మోళ్లు. ఇసుక కిందికి పోయి, కొస మాత్రం వేలెడంత పైకి తేలి ఉంటాయి. గాలి తగ్గించిన టైరు పక్క గోడ ఉబ్బి నేలకు దగ్గరగా వస్తుంది. అది మోడుకు తగిలిందంటే చీలిక పడుతుంది, చీలిన పక్క గోడకు అతుకు ఉండదు. అందుకని మొదటి గంట బండ్లు ఆపేసి అందరం వరుసగా నడిచి, కనిపించిన ప్రతి మోడుకూ ఎర్ర గుడ్డ కట్టాం. విసుగు పుట్టించే పనే, కానీ ఎవరు వెళ్లినా దీన్ని మానవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఇక గాలి పరీక్ష. థార్‌ను, నిలువుగా రెండు మనిషి ఎత్తులున్న ఒక వాలును ఎంచుకున్నాం. పరుగు లేకుండా, వాలు అడుగు నుంచే, 'ఫోర్ హై'లో (నాలుగు చక్రాలకూ బలం, మామూలు వేగం) రెండో గేరు. రోడ్డు మీద ఉండే 32 పీఎస్‌ఐతో వాలు మొదట్లోనే చక్రాలు గిర్రున తిరిగి గుంట తవ్వుకున్నాయి. 24కు దింపితే సగం దాకా ఎక్కి ఆగింది. 18 దగ్గర శిఖరానికి కాస్త ఇవతల ఊపిరి పోయింది, కొద్దిగా పరుగు ఇస్తే దాటింది. 15 దగ్గర పరుగు అక్కర్లేకపోయింది, ఇంజిను గొంతు పెరగకుండానే ఎక్కేసింది. ఎక్కిన ప్రతిసారీ వెనక్కి నడిచి టైరు ముద్ర చూశాం. 32 దగ్గర ముద్ర లోతుగా, అంచులు విరిగి పడి ఉంది. 15 దగ్గర టైరు పువ్వులు ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలిగేంత శుభ్రంగా, పైపైనే అచ్చు పడింది. నేలకు ఆనే భాగం జానతో కొలిస్తే దాదాపు సగం పెరిగింది. అదీ వెడల్పులో కాదు, పొడవులో. గాలి తగ్గిస్తే టైరు అడ్డంగా పరుచుకుంటుందని చాలామంది అనుకుంటారు, నిజానికి అది ఎక్కువగా పొడవునా సాగుతుంది.

ఇంతకన్నా దించవచ్చా? 12 కిందికి మేము పోలేదు, పోము. ఆ ఒత్తిడిలో చక్రం గట్టిగా తిప్పితే టైరు అంచు రిమ్ము నుంచి ఊడిపోతుంది. 15 దగ్గర కూడా మలుపులు పెద్దగా, నిదానంగా తీసుకోవాలి. జిప్సీ సంగతి వేరు. టన్నుకు లోపు బరువున్న బండి కాబట్టి 18తోనే పిట్టలా పైకి పోయింది. తేలికగా ఉండటం ఇసుకలో ఎంత గొప్ప గుణమో దాన్ని చూస్తే తెలుస్తుంది. ఉదయం చల్లని టైరు మీద చూసిన అంకె మధ్యాహ్నానికి రెండు మూడు పెరుగుతుంది, దాన్ని చూసి మళ్లీ దించకండి. రెండు గేజిలు ఒకే టైరుకు వేర్వేరు అంకెలు చూపిస్తాయి, అందుకని అన్ని బండ్లకూ ఒకే గేజి వాడండి.

కొత్త బండ్లలో చక్రాలు జారినప్పుడు ఇంజిను బలాన్ని తగ్గించే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఉంటుంది. రోడ్డు మీద అది ప్రాణరక్షణ. ఇసుక ఎక్కేటప్పుడు మాత్రం సరిగ్గా బలం కావలసిన చోటే గొంతు నొక్కుతుంది. మీట నొక్కి ఆపేయాలి, రోడ్డెక్కే ముందు మరిచిపోకుండా మళ్లీ వేసుకోవాలి.

వాలు ఎక్కే దిక్కు గురించి ఈసారి స్పష్టంగా అర్థమైంది. ఇక్కడ వానాకాలమంతా నైరుతి గాలి. గాలికి ఎదురుగా ఉన్న పక్క పొడవుగా, ఏటవాలుగా, ఇసుక గట్టిపడి ఉంటుంది. అవతలి పక్క నిటారుగా, దూదిలా వదులుగా, దాదాపు 30 నుంచి 34 డిగ్రీల వాలుతో ఉంటుంది. పొడి ఇసుక జారిపోకుండా నిలవగల హద్దు అది. గట్టి పక్కన ఎక్కి, శిఖరం ముందు కాలు తేలిక చేసి, అవతల ఏముందో చూసి, తిన్నగా కిందికి దిగాలి. అడ్డంగా అసలు పోకూడదు, బండి దొర్లుతుంది. దిగేటప్పుడు 'ఫోర్ లో' (నాలుగు చక్రాలకూ బలం, తక్కువ వేగం), మొదటి గేరు, బ్రేకు మీద కాలు వద్దు. వెనక భాగం పక్కకు జారుతుంటే బెదిరి బ్రేకు వేయకుండా కొంచెం యాక్సిలరేటర్ ఇస్తే తిన్నబడుతుంది. జిమ్నీ నడిపిన మా వదిన ఇది చేసిన తీరు చూసి తీరాలి. ఒక్కసారి కూడా బ్రేకు దీపం వెలగలేదు.

ముందు బండి శిఖరం దాటి వాకీటాకీలో "దాటాను" అన్నాకే వెనకది కదలాలి. ప్రతి బండికీ ఎనిమిదడుగుల వెదురు బద్ద, దానికి ఎర్ర జెండా. శిఖరానికి అవతలున్నవాళ్లకు ముందుగా కనిపించేది ఆ జెండాయే. చివరి బండిలో తాడు, పారలు, పలకలు ఉంటాయి.

వాటి అవసరం పదిన్నరకే పడింది. రెండో థార్ తన వంతు కోసం ఎగువాలు మీదే ఆగింది. మళ్లీ కదలబోయేసరికి వెనక చక్రాలు ఇరుసు దాకా దిగిపోయాయి. ఇసుకలో ఆగాల్సి వస్తే ముక్కు దిగువకు పెట్టి ఆగాలి, అదీ బ్రేకుతో కాకుండా బండి దానంతట అది నిలిచేలా. చక్రం జారుతోందని అనిపించిన క్షణమే నడిపేవారు కాలు తీసేశారు కాబట్టి పని పావుగంటలో ముగిసింది. ముందు పారతో నాలుగు చక్రాల వెనకా, బండి పొట్ట కిందా ఇసుక తీశాం. తవ్వకుండా లాగితే బండి పొట్టే లంగరు అవుతుంది. చక్రాల కింద పలకలు దూర్చి, సాగే గుణమున్న రికవరీ తాడును గూర్ఖాకు కట్టాం. కొక్కెం తప్పనిసరిగా చాసిస్‌కు బిగించినదై ఉండాలి. ట్రెయిలరు లాగే గుండుకు తాడు తగిలించకండి: అది విరిగి ఎగిరితే తూటాతో సమానం, ఇతర దేశాల్లో మనుషులు చనిపోయారు. తాడు మధ్యలో తడి దుప్పటి వేశాం. నడిపే ఇద్దరు తప్ప అందరం తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరం వెళ్లి నిలబడ్డాం. గూర్ఖా నెమ్మదిగా కదిలింది, తాడు సాగింది, థార్ వెనక్కి, తను వచ్చిన గాడిలోనే బయటికి వచ్చింది.

పదకొండున్నర నుంచి మూడింటి దాకా ఎవరినీ బండి ముట్టుకోనివ్వలేదు. సూర్యుడు నెత్తి మీదికి వస్తే నీడలు పోతాయి. నీడ లేకపోతే గుంటా గట్టూ ఒకే తెలుపుగా కనిపిస్తాయి. పక్కనున్న జీడిమామిడి చెట్ల కింద పులిహోర, పెరుగన్నం, బరంపురం అప్పడాలు. మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు తెచ్చాం, మిగల్లేదు.

తిరిగి గాలి నింపడానికి తగినంత సమయం ఉంచుకోండి. ఇరవై టైర్లను మళ్లీ రోడ్డు ఒత్తిడికి తేవడానికి రెండు కంప్రెసర్లతో గంట దాటింది. కంప్రెసర్‌ను సిగరెట్ సాకెట్‌కు పెడితే ఫ్యూజు పోవచ్చు, బ్యాటరీకి నేరుగా తగిలించి, ఇంజిను నడుస్తూ ఉండగా వాడాలి. నింపకుండా జాతీయ రహదారి ఎక్కడం ప్రమాదం, మెత్తని టైరు వేగానికి వేడెక్కి పేలుతుంది. ఆ రాత్రే బండి అడుగంతా మంచినీళ్లతో కడిగించాం. గాలి ఫిల్టరు విప్పితే గుప్పెడు ఇసుక, అందులో నల్లటి రేణువులు. ఛత్రపురంలో తవ్వి తీసే ఇల్మనైటు ఖనిజం ఇలాంటి ఇసుకలోనే ఉంటుంది.

బయల్దేరే ముందు మోళ్ల గుడ్డలు, వెదురు కర్రలు తీసేసి, తవ్విన గుంటలు పూడ్చాం. తోట రైతు త్వరలోనే మొక్కలు నాటిస్తానన్నారు, కాబట్టి వచ్చే ఏడు ఈ నేల ఉండదు. గూర్ఖాలో ఒకే ఇరుసు మీది రెండు చక్రాలనూ కలిపి తిప్పే వెనక, ముందు లాకులను విడివిడిగా వేసి ఇదే పరీక్ష చేయాలని ఉంది. దానికి సోనాపూర్ వైపు గాని, ఇచ్ఛాపురం దగ్గర గాని కొట్టేసిన సరుగుడు తోట ఒకటి కావాలి. యజమాని ఒప్పుకోవాలి, సముద్రపు తిన్నెకు దూరంగా ఉండాలి. అలాంటిది ఎక్కడైనా ఉందని తెలిస్తే జూన్ లోపు చెప్పండి, ముందు మేమొచ్చి నడిచి చూస్తాం.