ఒక గీత, ఒక కేబుల్

నిన్న ఉదయం ఇంట్లోని డెస్క్‌టాప్ ఆన్ చేయగానే, రెండు హార్డ్ డిస్కుల్లోనూ ఒకే సమాచారాన్ని ఉంచే రెయిడ్ 1 అమరిక నుంచి ఒక డిస్కు తప్పుకుందని లైనక్స్ హెచ్చరించింది. స్థితి చూపే వరుసలో పనిచేసే ఒక్కో డిస్కుకు ఒకటి చొప్పున రెండు ‘యూ’ అక్షరాలు ఉండవలసిన చోట ఒక ‘యూ’, దాని పక్కన తప్పుకున్న డిస్కుకు గుర్తుగా ఒక గీత మాత్రమే కనిపించాయి. నాన్నగారి చివరి రోజుల ఫొటోలన్నీ అందులోనే ఉన్నందున గుండె ఝల్లుమంది.

కొత్త డిస్కు కొనబోయి ఆగి, ముందుగా ఆ ఫొటోలను బయటి డిస్కులోకి కాపీ చేసుకుని (రెయిడ్ ఉన్నంత మాత్రాన బ్యాకప్ ఉన్నట్టు కాదు, ఈ పని ఎప్పుడో చేయవలసింది), ఆ తరువాత డిస్కు తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే స్మార్ట్ నివేదిక తెరిచాను. చెడిపోయి పక్కన పెట్టిన సెక్టార్ల (డిస్కులో డేటా నిలిచే చిన్న భాగాల) లెక్క సున్నాగానే ఉంది. కానీ 199వ వరుసలో, అంటే కేబుల్ మీదుగా వెళ్ళే డేటాలో దొర్లిన సీఆర్‌సీ తప్పులను లెక్కించే చోట, అంకె 412కు చేరింది. అలాంటప్పుడు సాధారణంగా అనుమానించవలసింది డిస్కును కాదు, కేబుల్‌ను. కేబినెట్ విప్పి చూస్తే, పక్క పలక ఒత్తిడికి, డిస్కును మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్ కొన దగ్గర మడతపడి, వేలితో తాకితే కదిలేంత వదులుగా ఉంది.

కొత్త కేబుల్ బిగించి డిస్కును మళ్ళీ చేర్చాను. 2 టెరాబైట్లు తిరిగి సమం కావడానికి నాలుగు గంటలకు పైగా పట్టింది. కేబుల్ మార్చినా పాత తప్పుల లెక్క చెరిగిపోదు కనుక, 412 అని కాగితం మీద రాసి కేబినెట్‌కు అంటించాను. ఈ ఉదయం కూడా ఆ అంకె 412గానే ఉంది.