కోంక్ గ్రామ నమూనా: ఆరో నెల పని

దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆవేరోన్ జిల్లాలో, ఊష్ వాగు దూర్దూ నదిలో కలిసే చోట కొండవాలును పట్టుకుని ఉన్న కోంక్ గ్రామాన్ని 1:500 కొలతలో చేయడం మొదలుపెట్టి ఆరు నెలలయింది. ఇప్పటికి నేల పూర్తయింది, క్రైస్తవ మతం కోసం ప్రాణమిచ్చిన బాలిక పునీత ఫ్వా పేరిట ఉన్న మఠాలయం నిలబడింది, ఇళ్లు సగమే అయ్యాయి. ఊరి పేరు లాటిన్‌లో గుల్ల అనే అర్థమున్న ‘కోంకా’ నుంచి వచ్చిందంటారు. మన శంఖానికీ ఆ మాటకూ చుట్టరికం ఉంది.

అన్నిటికంటే ఎక్కువ కాలం తిన్నది నేలే. అయిదు మీటర్ల ఎత్తుకు ఒక సెంటీమీటరు మందం థర్మాకోల్ పొర చొప్పున పేర్చాను. మొదటిసారి తొందరపడి రబ్బరు జిగురు పూయడంతో రెండు పొరలు కరిగి గుంటలు పడ్డాయి; తెల్ల జిగురుతో మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చింది. అంతకన్నా పెద్ద పొరపాటు, ఇళ్లను ముందుగా బల్ల మీద విడిగా కట్టి తర్వాత వాలు మీద పెట్టబోవడం. అక్కడి ఇల్లు వీధి వైపు నుంచి చూస్తే ఒక అంతస్తే కనిపించినా, లోయ వైపు నుంచి మూడు అంతస్తులుగా దిగిపోతుంది కనుక, గోడలను వాలు మీదే కొలిచి కోయక తప్పదు. పదకొండు ఇళ్లు అలా పారేశాను.

పైకప్పులకు అక్కడ వాడేది పలకల్లా చీలే రాయి. దానికి నల్లని ఎమరీ కాగితాన్ని 2 మిల్లీమీటర్ల పట్టీలుగా కోసి, వాననీరు జారే వరుసలో, చూరు నుంచి పైకి ఒకదానిపై ఒకటి అంటించాను. మెరుపు లేని ఆ గరుకుదనాన్ని ఏ రంగూ ఇవ్వలేదు.

866లో అజాన్ పట్టణం నుంచి ఒక సన్యాసి దొంగిలించి తెచ్చిన పునీత ఫ్వా అస్థికలే ఈ మారుమూల ఊరిని యాత్రాస్థలం చేశాయి. ఫ్రాన్స్‌లోని ల పుయి నుంచి స్పెయిన్‌లోని శాంతియాగో పుణ్యక్షేత్రానికి వెళ్లే యాత్రికులు ఇక్కడ ఆగేవారు. పదకొండో శతాబ్దంలో మొదలైన ఆలయం 56 మీటర్ల పొడవైతే, లోపలి ఎత్తు 22 మీటర్లు. నా నమూనాలో అవి 11.2, 4.4 సెంటీమీటర్లు. 1837లో చారిత్రక కట్టడాల తనిఖీ అధికారి, రచయిత ప్రోస్పేర్ మెరిమే తనిఖీకి వచ్చి చూసేనాటికి కట్టడం శిథిలావస్థలో ఉంది. పడమటి గోపురాలు ఆ తర్వాత పూర్తయినవే కాబట్టి వాటికి ఒక చాయ లేత రంగు వేశాను.

కిటికీలు 104. సూదితో పొడిచి, లోపలి నుంచి రంగురంగుల జిలేటిన్ కాగితం అంటించి దీపం పెట్టి చూస్తే పెళ్లిపందిరిలా వెలిగింది. అది తప్పని అప్పుడు గాని తట్టలేదు. పొరుగున ఉన్న రోడెజ్‌లో పుట్టిన చిత్రకారుడు పియేర్ సూలాజ్ 1987 నుంచి 1994 వరకు చేసిన ఆ అద్దాలలో రంగే లేదు. వెలుతురును అడ్డుకోకుండా చెదరగొట్టే మసక గాజు అది. జిలేటిన్ అంతా పీకి ట్రేసింగ్ కాగితం పెట్టాను. వెలుగు గోడల నుంచే ఊరినట్టుంది.

ఆలయ ద్వారం మీది అంతిమ తీర్పు శిల్పమే (లోకాంతాన దేవుడు మనుషులకు తీర్పు చెప్పే దృశ్యం) లొంగలేదు. 6.7 మీటర్ల వెడల్పు, 124 బొమ్మలు. నా కొలతలో అది 13 మిల్లీమీటర్లు, అంటే చింతగింజంత. అందుకే దాన్ని 1:20లో, 33.5 సెంటీమీటర్ల పలకగా విడిగా మలుస్తున్నాను. పైకమాను అంచును రెండు చేతులతో పట్టుకుని, దుప్పటి చాటు నుంచి చూసే పిల్లల్లా తొంగిచూసే బొమ్మలు ముందుగా అయ్యాయి. ఇప్పుడు చేస్తున్నది దేవుని చేతి ముందు మోకరిల్లిన ఫ్వా. ఆమె విడిపించిన ఖైదీల సంకెళ్లు వెనుక దూలానికి వేలాడుతుంటాయి. వాటి కోసం పాత కరెంటు తీగ ఒలిచి, ఒక్కొక్క రాగిపోగును సూది చుట్టూ తిప్పి కడియాలు చేస్తున్నాను. నాలుగు అయ్యాయి, అయిదోది ఈ ఉదయం విరిగింది.