ఆరేళ్ల పాచి, అర మిల్లీమీటరు పూత

మా బాబాయికి ఒంట్లో బాగోకపోయాక ఆయన పడవ ఆరేళ్లపాటు చెట్టు కింద ట్రైలర్ మీదే ఉండిపోయింది. 16 అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవ. కప్పిన టార్పాలిన్ రెండో ఏడే చిరిగిందట. "ఇక నేను నీళ్ల మీదికి పోలేనురా, నువ్వు తీసుకో" అన్నాడు. సంతోషించాలో బాధపడాలో తెలియలేదు. దగ్గరికి వెళ్లి చూస్తే, చిన్నప్పుడు నేనెక్కిన తెల్ల పడవ ఎక్కడా కనపడలేదు. నీడ పడే వైపంతా పచ్చటి పాచి. అంచుల వెంట మెత్తటి దిండ్లలా నాచు. అణియం, అంటే పడవ ముందు కొస, దగ్గర బూడిద, నారింజ రంగుల్లో బిళ్లలు బిళ్లలుగా లైకెన్. సామాన్లు పెట్టే అర మూత తెరిస్తే బూజు వాసన గుప్పుమంది.

మొదటి రోజే తప్పు చేశాను. ఇనుప తీగల బ్రష్ తీసుకుని ఒక లైకెన్ బిళ్లను బలంగా రుద్దాను. బిళ్ల పోయింది గానీ, దాని చుట్టూ జానెడు మేర గీతలు పడ్డాయి. బాబాయి కుర్చీలోంచి చూసి, "ఒరేయ్, ఆ పూత ఎంత మందం ఉంటుందో తెలుసా నీకు?" అని అరిచాడు. నాకు తెలియదు. ఫైబర్‌గ్లాస్ పడవ పైపూతను జెల్‌కోట్ అంటారు. మందం సుమారు అర మిల్లీమీటరు, అంతే. నీళ్లు లోపలి గాజునార పొరల్లోకి ఇంకకుండా అడ్డుకునేది అదే. వారం తిరిగేసరికి ఆ గీతల్లో సన్నని తుప్పు చుక్కలు కూడా లేచాయి, బ్రష్ నుంచి ఊడిన ఇనుప రజను వల్ల. ఆ బ్రష్‌ను మళ్లీ ముట్టుకోలేదు. ప్లాస్టిక్ గరిటె, మెత్తటి నైలాన్ బ్రష్, స్పాంజి, ఇవే నా పనిముట్లు అయ్యాయి.

నాచుతో పేచీ లేదు. దానికి నిజమైన వేర్లుండవు, వెంట్రుకల్లాంటి పోగులతో అతుక్కుని ఉంటుంది. ఎండిన రోజు చూసుకుని చేత్తో పట్టి లాగితే చాపలా లేచి వచ్చేసింది. గుబులు పుట్టించింది దాని కింద ఉన్నది. నాచు స్పాంజిలా నీళ్లు పట్టి ఉంచుతుంది కదా, రబ్బరు అంచు బిగించిన స్క్రూల చుట్టూ ఏళ్ల తరబడి తడి ఆరనే లేదు. అందుకే నాచు తీసిన ప్రతిచోటా గరిటె పిడితో కొట్టి చూశాను. డెక్ గట్టిగా ఉన్నచోట టక్కుమని మోగుతుంది. లోపలి చెక్క తడిసి మెత్తబడితే చప్పుడు మొద్దుగా వస్తుంది. రెండు చోట్ల అలాగే వచ్చింది. అక్కడ సుద్దతో గుర్తు పెట్టుకున్నాను. ఆ మరమ్మతు వేరే కథ.

పచ్చటి పాచికి గోరువెచ్చని నీళ్లు, సబ్బు, ఓపిక సరిపోయాయి. ప్రెషర్ వాషర్ అద్దెకు తెచ్చి ఒక్క పూటలో ముగిద్దామనిపించింది. కానీ జెల్‌కోట్‌లో జుట్టంత సన్నని పగుళ్లు కనిపించాక ధైర్యం చాలలేదు. ఆ ధారను దగ్గరగా పెడితే పగుళ్ల అంచుల్లో పూత పెళ్లలుగా లేస్తుంది, లోపలికి నీళ్లు దూరతాయి. చివరికి వాడాను గానీ, వెడల్పాటి నాజిల్ పెట్టి, మూరెడు దూరం నుంచి, కేవలం కడగడానికి.

లైకెన్ దగ్గరే అసలు పరీక్ష. సబ్బుకు కదల్లేదు. తడిపి గీకితే పైన జిగురుగా లేచింది, అడుగున రంగు అలాగే ఉండిపోయింది. ఎందుకిలా అని చదివితే తెలిసింది: అది ఒకే ప్రాణి కాదు. శిలీంధ్రం, దాని పోగుల మధ్య బతికే శైవలం కలిసి కాపురం చేస్తుంటాయి. సైమన్ ష్వెండెనర్ అనే స్విస్ వృక్షశాస్త్రవేత్త 1867లో ఈ సంగతి చెబితే ఆనాటి లైకెన్ పండితులు చాలామంది ఒప్పుకోనే లేదు. మన రాతిపువ్వు కూడా ఈ జాతిదే. ఎండలో పొరలు పొరలుగా ఎండిపోయి, నాలుగు చినుకులు పడగానే మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. బండలను అంటి ఉండే రకాలు చాలావరకు ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి పెరగవు. శిలీంధ్రపు పోగులు పూతలోని సన్నని రంధ్రాల్లోకి దిగి పట్టుకుంటాయి. బతికుండగా గీకితే ఆ పట్టు పూతను కూడా లాగుతుంది. చచ్చాక పట్టు దానంతటదే సడలుతుంది. అంటే ముందు చంపాలి, తర్వాత ఆగాలి, గీకడం ఆఖరున.

బెంజల్కోనియం క్లోరైడ్ ఉన్న మందు తెచ్చి, డబ్బా మీద రాసిన పాళ్లలో నీళ్లు కలిపి, వాన సూచన లేని రోజు చూసి స్ప్రే చేశాను. దీన్ని కడగకూడదు, అలాగే ఆరనివ్వాలి. చేపలకు, నీటి జీవులకు ఇది విషం. అందుకే పడవ నేల మీద ఉండగానే, కాలువకు దూరంగా, కింద ప్లాస్టిక్ పట్టా పరిచి చేశాను. మూడు రోజులయ్యాక చూస్తే మార్పేమీ లేదు. రెండో మోతాదు కొట్టబోతుంటే బాబాయి చెయ్యి పట్టుకుని ఆపాడు. పది రోజులకు నారింజ బిళ్లలు వెలిసి పాలిపోయాయి. రెండు వారాలకు అంచులు ఎండుటాకుల్లా పైకి ముడుచుకున్నాయి. అప్పుడు తడిపి ప్లాస్టిక్ గరిటెతో తోస్తే, మొదటి రోజు నాతో యుద్ధం చేసిన ఆ బిళ్లలే రెక్కల్లా రాలిపోయాయి. ఈ పనిలో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చిన గంట అది.

ఆ ఎదురుచూపు రోజుల్లోనే లోపలి బూజు సంగతి చూశాను. మాస్కు పెట్టుకుని, మూతలన్నీ తెరిచి, గాలి ఆడేలా చేసి దిగాను. గట్టి గోడలకు మామూలు బ్లీచ్ ఒక పాలు, నీళ్లు పది పాళ్లు కలిపి పూసి, పది నిమిషాలకు కడిగేశాను. నల్ల మరకలు కళ్ల ముందే తెల్లబడ్డాయి. స్టీలు కొక్కేల మీద, కుట్ల మీద మాత్రం పడనివ్వలేదు. బ్లీచ్ లోహాన్ని తింటుంది, దారాన్ని పిప్పి చేస్తుంది. గుడ్డ తొడుగులను సోడియం పర్‌కార్బొనేట్ కలిపిన వేడినీళ్లలో నానబెట్టాను. నీళ్లలో అది హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను వదులుతుంది, బ్లీచ్ కన్నా బట్టకు మెత్తన. లోపలిదాకా నల్లబడిన స్పాంజి దిండ్లను పారేశాను. వాటిని కాపాడాలని చూడకండి.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. బ్లీచ్‌లో వెనిగర్ గానీ మరే ఆమ్లం గానీ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. అమోనియా ఉన్న అద్దాల క్లీనర్ కలిస్తే క్లోరమైన్లు పుడతాయి. రెండూ ఊపిరితిత్తులకు దెబ్బే. పడవ లోపలి ఇరుకులో తప్పించుకోవడానికి చోటు కూడా ఉండదు. నేను బ్లీచ్ వాడిన రోజు ఇంకేదీ ముట్టలేదు. బకెట్లు కూడా వేరు చేసుకున్నాను.

అందుకే నీటిగీత వెంట పట్టిన గోధుమ రంగు చారలనూ, తుప్పు మరకలనూ మరో వారానికి వాయిదా వేశాను. వాటికి ఆక్సాలిక్ ఆమ్లం. చేతులకు రబ్బరు గ్లౌజులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని, పూసి, పదిహేను నిమిషాలు ఆగి, నీళ్లు ధారగా పోసి కడిగాను. రుద్దకుండానే చారలు కరిగి కారిపోయాయి. నా బ్రష్ మిగిల్చిన తుప్పు చుక్కలు కూడా.

అడుగున ఉన్న పాత ఎరుపు రంగు జోలికి ఎక్కువ పోలేదు. అది పడవకు జీవులు అంటకుండా వేసే విషపు రంగు. అందులో సాధారణంగా రాగి ఉంటుంది. మరీ పాతవాటిలో ట్రైబ్యూటైల్‌టిన్ అనే తగరపు విషం కూడా ఉండేది. దాన్ని నిషేధించే అంతర్జాతీయ ఒప్పందం 2001లో కుదిరి, 2008లో అమల్లోకి వచ్చింది. మన పడవకు వేసిన రంగు ఏ కాలానిదో బాబాయికీ గుర్తులేదు. అలాంటప్పుడు పొడిగా సాండ్‌పేపర్ పట్టి ఆ దుమ్ము పీల్చడం ప్రమాదం. తడి స్పాంజితో పాచి తుడిచి, ఎర్రగా కారిన నీళ్లను పట్టాలోనే పోగుచేశాను.

మిగిలింది మెరుపు. నేను గీతలు పెట్టిన జానెడు చోట మాత్రం 800 నంబరు సాండ్‌పేపర్‌తో మొదలుపెట్టి 1000, 1500, 2000 వరకు, నీళ్లు పోస్తూ చేత్తో అరగదీశాను. తక్కినదంతా పాలిషింగ్ కాంపౌండ్‌తోనే సుద్దలా తేలిన పైపొర పోయి తెలుపు బయటపడింది. నీడలో పెట్టి రెండు పూతలు వ్యాక్స్ వేశాను.

నెల తర్వాత వాన వెలిశాక వెళ్లి చూశాను. నీటిచుక్కలు ముత్యాల్లా నిలిచి జారిపోతున్నాయి. కానీ కొత్త టార్పాలిన్ పడవను ఆనుకున్న ఒక్క చోట మళ్లీ సన్నని పచ్చగీత! గుడ్డకూ పడవకూ మధ్య గాలి ఆడట్లేదు. అప్పుడు మధ్యలో నిలువుగా గుంజలు పెట్టి పందిరిలా ఎత్తి కట్టాను. ట్రైలర్ ముందుభాగం ఎత్తి, అమరం, అంటే పడవ వెనక కొస, దగ్గరున్న నీటి బిరడా తీసేశాను. పడ్డ నీరు పడ్డట్టే పోతోంది.

అణియం మీద నాలుగు లైకెన్ బిళ్లల గుండ్రని జాడలు ఇంకా లీలగా ఉన్నాయి. బాబాయి వాటి మీద వేలు పెట్టి, "ఇవీ తీసేస్తావా?" అని అడిగాడు. తీయాలంటే ఇంకా అరగదీయాలి, అరగదీస్తే ఆ అర మిల్లీమీటరులో ఇంకొంత పోతుంది. వద్దులే బాబాయ్ అన్నాను.